ఉపవాసం విడవని ఇల్లు

“వండిన కూడు వండినట్టే ఉండిపోయింది అక్కడ.”

ఉమ్ ఫవ్వాజ్ ఆ మాట ఎవరితోనూ అనలేదు. పికప్ బండి ముందు సీట్లో కూర్చుని, ఎదురుగా కనిపిస్తున్న ఊరిని అద్దంలోంచి చూస్తూ తనలో తాను అనుకుంది. కానీ కిటికీ పక్కన నిలబడ్డ నౌఫ్ చెవిన పడనే పడింది.

“ఏ కూడు పెద్దమ్మా?”

“ఏం లేదు బిడ్డా. ముసల్దాన్ని, ఏదో వాగుతుంటా.”

“అమ్మా, ఇవాళొక్క రోజు నోరు కట్టేసుకో,” అన్నాడు స్టీరింగ్ ముందున్న రెండో కొడుకు మునవ్వర్. “సాయంత్రానికి మనింట్లో ఉంటాం. ఈవిడ అడిగేవన్నీ ఇప్పుడు చెప్పి ఏం చేస్తావ్?”

బండి ఐన్ షబీబ్ ఊరి పొలిమేరలో, తెల్లసున్నం పూసిన రాయి దగ్గర ఆగి ఉంది. ఆ రాయి దాటి ఒక్క అడుగు వేసే హక్కు ఈ కుటుంబానికి లేదు. పదకొండేళ్ళ కిందట ఒక రంజాన్ రోజున, ఈ ఊళ్ళో మిత్‌ఖాల్ అనే గొర్రెల ఆసామి తన దొడ్డి వెనక తల పగిలి చచ్చి పడి ఉన్నాడు. వారం ముందు బావి దగ్గర అతనితో కలబడ్డ ఆమె పెద్దకొడుకు ఫవ్వాజ్‌కి ఇరవయ్యేళ్ళ శిక్ష పడింది. హంతకుడి కుటుంబం ఊరొదిలి పోవాలన్నది ఇక్కడి కట్టుబాటు. పోయారు. ఉత్తరాన మఫ్రక్ పట్నంలో అద్దె గదుల్లో బతికారు. తండ్రి అక్కడే పోయాడు. ఆయన్ని పరాయి ఊరి శ్మశానంలో, పేర్లు తెలియనివాళ్ళ మధ్య పూడ్చారు. మునవ్వర్‌కి ముప్పై దాటినా పిల్లనిచ్చినవాడు లేడు.

ఇవాళ రాజీ. మిత్‌ఖాల్ తమ్ముళ్ళ వాకిట్లో డేరా వేశారు. పొద్దు వాలాక చేసే అసర్ నమాజ్ తర్వాత ఊరి పెద్దలంతా అక్కడ కూర్చుంటారు. ఫవ్వాజ్ కుటుంబం తరఫున ఊరి పెద్ద, వీళ్ళ హామీదారు షేక్ హాయిల్ లేచి, “మావాడే చంపాడు, క్షమించండి” అంటాడు. వాళ్ళు క్షమిస్తారు. అప్పుడు శిక్ష తగ్గుతుంది, ఫవ్వాజ్ ఈ నెల్లోనే బయటికొస్తాడు, వీళ్ళు ఇంటికొస్తారు. అందరికీ మేలే. కానీ అంతమంది ముందు ఒకసారి ఒప్పుకున్నాక, ఫవ్వాజ్ చంపలేదన్న మాట ఇక ఏ కోర్టూ వినదు.

చంపలేదని నౌఫ్ నమ్మకం. ఒకప్పుడు పోలీసు శాఖలో హత్యకేసులు చూసింది, ఇప్పుడు లాయర్ల కోసం పాత కేసులు తవ్వుతోంది. ఈ కేసుని ఆరు నెలలుగా తవ్వుతోంది. నమ్మకం తప్ప చేతికేమీ చిక్కలేదు. అందుకే పొద్దున్నుంచీ కుదురుగా ఒక్కచోట నిలబడలేకపోతోంది. బండి చుట్టూ తిరుగుతోంది, వాచీ చూసుకుంటోంది, చూసింది మర్చిపోయి మళ్ళీ చూసుకుంటోంది.

పోయిన వారం జైల్లో ఫవ్వాజ్ అన్న మాట ఆమెని నిద్రపోనివ్వడం లేదు. నలభై నిండని మనిషికి ముందు పళ్ళు నాలుగూ లేవు. ఊచల అవతల నవ్వడానికి ప్రయత్నించి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

“చంపానంటే నమ్మేవాళ్ళు ఊరంతా ఉన్నారు మేడమ్. చంపలేదంటే నమ్మేది మా అమ్మ, మీరు. మీ ఇద్దరి కోసం ఇంకో తొమ్మిదేళ్ళు ఇక్కడ ఎట్లా ఉండమంటారు?”

నౌఫ్ మళ్ళీ బండి కిటికీ దగ్గరికి వచ్చింది.

“పెద్దమ్మా, ఆ రోజు మీరు ఇల్లు వదిలింది ఎప్పుడు?”

“రాత్రి.”

“రాత్రంటే?”

“షేక్ చెప్పాడు గదా కోర్టులో.”

“షేక్ ఏం చెప్పాడో నాకు తెలుసు. నేను అడిగేది మిమ్మల్ని.”

“తరావీ నమాజ్ అయ్యాక. చాలా?” అన్నాడు మునవ్వర్ విసురుగా. “మిత్‌ఖాల్ శవం దొరికాక. షేక్ వచ్చి లేపితే పోయాం. ఎన్నిసార్లు చెప్పించుకుంటావక్కా?”

“తరావీ అయ్యేసరికి ఇఫ్తార్ అయిపోయి ఎంతసేపవుతుంది? పొద్దంతా పస్తున్నవాళ్ళు అంతసేపు తినకుండా కూర్చున్నారా? మరి వండిన కూడు వండినట్టే ఎట్లా ఉండిపోయింది?”

ముసలామె కళ్ళు దించుకుంది. తలగుడ్డ కొసని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. మునవ్వర్ అద్దం పైకెత్తేశాడు.

నౌఫ్ అప్పటికే ఊరి వైపు నడుస్తోంది.

*

ఊరొదిలిన కుటుంబానికి హామీగా నిలబడ్డవాడి దగ్గరే వాళ్ళ ఇంటి తాళంచెవి ఉంటుంది. ఇంకెవరూ ఆ గడప తొక్కరు, తొక్కితే హామీదారుణ్ణి అవమానించినట్టే. అంటే ఆ తలుపు పదకొండేళ్ళుగా తెరుచుకోలేదు. తెరిపించగలిగినవాడు షేక్ హాయిల్ ఒక్కడే.

ఆయన కచేరీ గదిలో రాజీకి వచ్చిన పెద్దలు ముప్పై నలభై మంది గోడలకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. షేక్ లేచి నిలబడి మరీ నౌఫ్‌ని పలకరించాడు. పండిన గడ్డం, మెత్తటి గొంతు.

“రా బిడ్డా, రా. పాపం మావాళ్ళ కోసం చాలా తిరిగావంట. ఇవాళతో నీకూ విశ్రాంతి.”

“అట్లాగే అనుకుంటున్నా హాజీ. ఒక్క సంగతి మీ నోట వినాలనుంది. ఆ రాత్రి వీళ్ళ ప్రాణాలు కాపాడింది మీరేనట గదా.”

“కాపాడేది దేవుడు. నేను తలుపు కొట్టానంతే.” ఆయన పెద్దల వైపు ఒకసారి చూసి కథ చెప్పే ధోరణిలోకి దిగాడు. “తరావీ నమాజ్ అయింది. మిత్‌ఖాల్ తమ్ముళ్ళు టార్చిలైట్లు పట్టుకుని వెతుకుతుంటే దొడ్డి వెనక శవం దొరికింది. నాకు కబురొచ్చింది. రక్తం ఉడికే వేళ, ఎవడు ఎవణ్ణి నరికినా అడిగే నాథుడుండడు. పరిగెత్తాను. వీళ్ళంతా మంచి నిద్రలో ఉన్నారు. ఫవ్వాజ్ నాన్న బనీను మీదే వచ్చి తలుపు తీశాడు. పిల్లలు కళ్ళు నులుముకుంటూ బండెక్కారు. నా మాట చాటున హద్దు దాటించాను.”

“నిద్రలో ఉన్నారా?”

“పక్కల మీద నుంచి లేపానమ్మా.”

కుర్రాడొకడు చిన్న కప్పులో కాఫీ పోసి అందించాడు. నౌఫ్ అందుకుంది. తాగలేదు. కప్పుని తన ముందు నేల మీద పెట్టి చేయి వెనక్కి తీసుకుంది.

గదిలో మాటలు ఆగిపోయాయి. అతిథి కాఫీ తాగకుండా కింద పెట్టిందంటే ఏదో అడగబోతోందని అర్థం. ఇంటాయన తీర్చేదాకా ఆ కప్పు అక్కడే ఉంటుంది. తీర్చకపోతే ఊరూరా చెప్పుకుంటారు. ఆడమనిషి ఇట్లా చెయ్యడం అక్కడెవరూ చూసి ఉండరు. ఒక ముసలాయన ఆసక్తిగా ముందుకి వంగాడు.

“అడుగు బిడ్డా,” అన్నాడు షేక్. నవ్వు కొంచెం సన్నబడింది.

“వాళ్ళ ఇంటి తాళంచెవి హాజీ. ఇన్నేళ్ళ దుమ్ము. పాములున్నాయో తేళ్ళున్నాయో. ముసలామె సాయంత్రం అడుగుపెట్టేలోపు ఒకసారి ఊడ్చి పెడతా.”

“దానికి నువ్వెందుకు, మా ఆడవాళ్ళని పంపిస్తాలే.”

“కాఫీ చల్లారిపోతోంది హాజీ.”

ముందుకి వంగిన ముసలాయన కిసుక్కున నవ్వాడు. షేక్ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. ఒక చెవిని విడదీయడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

నౌఫ్ కాఫీ ఒక్క గుక్కలో తాగి లేచింది. గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి చప్పట్లు కొట్టాడు. కల్నల్ బర్జస్. ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం. ఇద్దరూ శాఖలో ఒకే ఏడు చేరినవాళ్ళు. ఫవ్వాజ్‌ని పట్టుకున్నది అతనే. ఆ కేసే అతన్ని కెప్టెన్ కుర్చీ నుంచి ఇంత దూరం మోసుకొచ్చింది.

“నౌఫ్, నువ్వు శాఖ వదిలేసి ఊడ్చే పనిలో చేరావని నాకెవరూ చెప్పలేదే!”

“ఎవరో చెత్త చేసి పోతే ఎవరో ఒకరు ఊడవాలి గదా కల్నల్.”

*

తాళం తుప్పు పట్టి ఉంది. రెండు చేతులా తిప్పితే తెరుచుకుంది.

నౌఫ్ లోపలికి వెళ్ళగానే నడవలేదు. గుమ్మంలోనే నిలబడి కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా ఆగింది. తర్వాత ముందుగా పడక గది చూసింది. పరుపులన్నీ మడతపెట్టి గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైన దుప్పటి కప్పి ఉంది. ఒక్క పరుపు కూడా పరచి లేదు.

పక్కల మీద నుంచి లేపాడట!

 ఫోన్‌తో ఫొటో తీసింది. ఒకటి మసకబారితే మళ్ళీ తీసింది. నడవ దాటి పెద్ద గదిలోకి వెళ్ళింది.

నేల మీద ప్లాస్టిక్ గుడ్డ పరచి ఉంది. దాని చుట్టూ ఆరు దిండ్లు. మధ్యలో జాలీ మూత కింద ఖర్జూరాల పళ్ళెం. ఎండి నల్ల రాళ్ళలా ఉన్నాయి, కానీ పళ్ళెం నిండుగా ఉంది. పక్కన గింజలు వెయ్యడానికి పెట్టిన చిన్న సాసర్ ఖాళీగా, శుభ్రంగా ఉంది. రొట్టెనీ కూరనీ ఎలుకలు వదల్లేదు, రొట్టె చుట్టిన గుడ్డని చీలికలు చేసి పోయాయి. చెంచాలు మాత్రం బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి.

ఆమె మోకాళ్ళ మీద వంగి గ్లాసులు చూసింది. ఆరు గ్లాసులు. ఆప్రికాట్ షర్బత్ ఆవిరైపోయి అడుగున తోలులాగా చీలికలు పట్టింది. పైన, అంచుకి వేలెడు కింద, ఒక నారింజ రంగు గీత. టార్చి వేసి ఒక్కొక్క గ్లాసూ తిప్పకుండా చూసింది. ఆరింటిలోనూ అదే గీత, అదే ఎత్తున. నిండుగా పోసిన షర్బత్‌ని ఎవరూ ముట్టకుండా వదిలేస్తే, మెల్లగా ఇంకిపోతే, అలాంటి గీత మిగులుతుంది. ఒక్క గుక్క తాగినా అది అక్కడ ఉండదు.

రంజాన్ నెలలో ఏ ఇంట్లోనైనా అజాన్ వినపడగానే మొదట నోట్లో పడేది ఖర్జూరం. ఆ తర్వాత షర్బత్. ఇక్కడ ఆరుగురిలో ఒక్కరు కూడా ఒక్క ఖర్జూరం కొరకలేదు.

“దొరికిందా నిధి?”

బర్జస్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వేళ్ళ మధ్య వెలిగించిన సిగరెట్.

“లోపలికి రా. దేన్నీ తన్నకు. ఏం కనిపిస్తోందో నువ్వే చెప్పు.”

అతను చూశాడు. ఎంత గర్వమున్నా పనిమంతుడు. గ్లాసుల మీద అతని చూపు ఆగింది. ఒకసారి వంగి చూసి లేచాడు.

“తినకుండా పోయారు. అయితే?”

“పొద్దుగుంకే మగ్రిబ్ అజాన్ పడకముందే పోయారు బర్జస్. శవం దొరికింది తరావీ తర్వాత. నీ కేసంతా ఒక్క మేకుకి తగిలించావ్. కబురు తెలియగానే ఊరొదిలి పారిపోయారు, అదే తప్పు ఒప్పుకోవడం అన్నావ్. అసలు కబురే లేదప్పటికి.”

బర్జస్ నవ్వాడు. గెలిచినవాడిలా నవ్వాడు.

“ఏమైంది నీ బుర్రకి? ఊళ్ళో ఎవరికీ తెలియకముందే వీళ్ళకెట్లా తెలిసింది? కొడుకు రక్తం చేతులతో ఇంటికొచ్చి చెప్పాడు కాబట్టి! ఇన్నాళ్ళూ పారిపోయారు అని మాత్రమే అన్నా. శవం దొరక్కముందే పారిపోయారని ఇప్పుడు నువ్వు రుజువు చేశావ్. వాడి మెడకి ఇంకో ముడి వేశావ్ నౌఫ్. చాలా థాంక్స్.”

 అతనన్నది తప్పు కాదు. ఈ గదిని ఇలాగే కోర్టు ముందు పెడితే వాళ్ళూ అదే అంటారు. ఆమె గదిలో అటూ ఇటూ నడిచింది. మళ్ళీ ఆగింది.

“సరే. కొడుకే చెప్పాడనుకో. తండ్రి వాణ్ణొక్కణ్ణే దాటిస్తాడు. లేదా తనే షేక్ దగ్గరికి పరిగెత్తుతాడు. షేక్ ఏమంటున్నాడు? తలుపు కొట్టింది నేను, పక్కల మీద నుంచి లేపింది నేను అంటున్నాడు. ఏవా పక్కలు? లోపల పరుపులు మడతపెట్టే ఉన్నాయి, పోయి చూసుకో. ఆయనెందుకు అబద్ధమాడాలి?”

“వీళ్ళ మంచికే ఆడి ఉంటాడు.”

“అడుగుదాం.”

ఆమె ఫోన్ తీసింది. స్పీకర్ నొక్కి, ఖర్జూరాల పళ్ళెం పక్కన నేల మీద పెట్టింది. మునవ్వర్ ఎత్తాడు.

“అమ్మకివ్వు.”

“ఇవ్వను. ఇంకో రెండు గంటల్లో...”

“మునవ్వర్, నేను మీ పెద్ద గదిలో ఉన్నా. ఆరు గ్లాసులు చూస్తున్నా.”

అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తర్వాత ముసలామె గొంతు.

“అట్లాగే ఉన్నాయా బిడ్డా?”

“అట్లాగే ఉన్నాయి పెద్దమ్మా. ఆ రోజు తలుపు కొట్టిందెవరు? ఎప్పుడు?”

“అది అడగొద్దు. నా మిగతా ఇద్దరు కొడుకులూ ఆయన మాట చాటున బతికున్నారు. మా ఆయన పోయేముందు నా చేత ఒట్టేయించుకున్నాడు. ప్రాణాలు కాపాడినవాడి మీద వేలెత్తి చూపించొద్దన్నాడు.”

“ఇద్దర్ని కాపాడుకోవడానికి ఒకణ్ణి జైల్లో వదిలేశారు.”

మాట అన్నాక నౌఫ్ నాలుక కరుచుకుంది. బర్జస్ కూడా తల తిప్పి ఆమె వైపు చూశాడు. అవతల ముసలామె ఏడవలేదు. ఊపిరి పీల్చడం మాత్రం వినిపించింది.

“అవును బిడ్డా. వదిలేశా. రోజూ వాడికి ఒక రొట్టె ఎక్కువ చేస్తా, ఎవరికో ఒకరికి ఇచ్చేస్తా.” కొంచెం ఆగింది. “ఆ పూట కోడి వండా. వాడే గ్లాసుల్లో షర్బత్ పోశాడు. మధ్యాహ్నం నుంచీ వాడు ఇంట్లోనే ఉన్నాడు, పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు బాగు చేస్తూ. అందరం చుట్టూ కూర్చుని అజాన్ కోసం ఎదురుచూస్తున్నాం. షేక్ హాయిల్ వచ్చాడు. మిత్‌ఖాల్‌ని ఎవరో చంపారు, బావి దగ్గర గొడవ ఊరంతా చూసింది గదా, మీవాడి పేరే వస్తుంది, లేవండి అన్నాడు. గ్లాసు తీసుకెళ్ళనివ్వండి హాజీ, పిల్లలు పస్తున్నారు అన్నా. టైం లేదన్నాడు. నీళ్ళ సీసా ఒకటి పట్టుకుని ఎక్కేశాం.”

“ఒంటరిగా పోయారా?”

“లేదు, ముందు పోలీసు బండి. షేకే పిలిపించాడు. దారిలో ఏదో మసీదు నుంచి అజాన్ వినిపించింది. బళ్ళు రెండూ ఆగాయి. ఆ పోలీసబ్బాయి దిగి దిక్కులు చూస్తున్నాడు, పాపం అతని దగ్గర ఏమీ లేనట్టుంది. అమ్మా, ముందు ఆయనకివ్వు అన్నాడు మా ఫవ్వాజ్. కిటికీలోంచి సీసా వాడే అందించాడు.”

బర్జస్ వేళ్ళ మధ్య సిగరెట్ చివరిదాకా కాలిపోయింది. చురక తగిలినా అతను చేయి విదిలించలేదు. ఇస్త్రీ యూనిఫాంతో ఆ దుమ్ములోనే, ఖాళీ దిండు పక్కన కూలబడ్డాడు.

“గడ్డకట్టిన సీసా,” అన్నాడు. “సగం మంచు. పళ్ళు జివ్వుమన్నాయి.”

నౌఫ్ అతని వైపు తిరిగింది. ముసలామె మంచు సంగతి ఎత్తనే లేదు.

“ఆ బండిలో ఉన్నది నువ్వా?”

“మర్నాడు పొద్దున వాడికి బేడీలు వేస్తుంటే ఆ చేతిని గుర్తుపట్టా. హంతకులు కూడా నీళ్ళిస్తారులే అనుకున్నా.”

“నువ్వు కోర్టులో రాత్రి అన్నావ్.”

“ఫిర్యాదు రాకుండా బండి తీయడం రూల్‌కి విరుద్ధం. షేక్ ఫోన్ చేశాడు, వెళ్ళా. కాగితం మీద రాత్రి అని రాశా. అందరూ అట్లాగే రాస్తారు.”

“ఆయనకెట్లా తెలిసిందని అడగలేదా?”

“షేకులకి ఏ కబురైనా మనకంటే ముందే చేరుతుంది నౌఫ్. ఎప్పుడూ అంతే. నువ్వు ఇక్కడ పుట్టినదానివి కాదా? ఎప్పుడైనా అడిగావా?”

లేదు. ఆమె కూడా ఎప్పుడూ అడగలేదు. ఈ జిల్లాలో ఎవరూ అడగరు.

“శవం దొరికిందే రాత్రి,” అంది నెమ్మదిగా. “అంతకుముందు ఆ సంగతి తెలిసినవాడు ఇద్దరిలో ఒకడే. చంపినవాడు, లేదా చంపినవాణ్ణి దాచినవాడు.”

 అదే క్షణంలో కిటికీ సందులోంచి మైకు గరగర వినిపించింది. మిత్‌ఖాల్ తమ్ముళ్ళ వాకిలి అక్కడికి రెండు వీధులే. తర్వాత మెత్తటి గొంతు ఒకటి దేవుణ్ణి తలుచుకోవడం మొదలుపెట్టింది.

“అసర్ కాలేదే,” అన్నాడు బర్జస్ వాచీ చూసుకుని.

“నువ్వు నా వెనక వచ్చావ్. నేను ఊడ్చి ఇంకా బయటికి రాలేదు. అనుమానమొచ్చాక ఆయన అసర్ దాకా ఆగుతాడా?”

ఫోన్ ఇంకా తెరిచే ఉంది. అందులోంచి ముసలామె గొంతు వినిపించింది, కానీ వాళ్ళతో కాదు.

“మునవ్వర్, బండి తియ్.”

“అమ్మా, రాయి దాటితే కాల్చేస్తారు.”

“తియ్యరా. నా కొడుకు చంపాడని వాడు చెప్తుంటే ఇక్కడ కూర్చుని వినమంటావా?”

*

నౌఫ్, బర్జస్ పరిగెత్తారు. పోలీసు జీపు ఇంటి ముందే ఉంది. పికప్ అప్పటికే సున్నం రాయి దాటేసింది. బర్జస్ జీపుని అడ్డంగా తిప్పి దాని ముందుకి తెచ్చాడు. హారన్ కొట్టలేదు, సైరన్ వెయ్యలేదు. వీధిలో నిలబడ్డవాళ్ళు ముసలామెని గుర్తుపట్టి పక్కకి తప్పుకున్నారు. ఎవరో తలుపులు మూసుకున్నారు.

“కోర్టులో నేను ఇది చెప్పను,” అన్నాడు బర్జస్ రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. “చెబితే నా ఉద్యోగం పోతుంది. ఇంకో ఏడాదిలో పింఛను.”

“కోర్టు దాకా ఎవరు పోనిస్తారు? ఇప్పుడు, అక్కడ చెప్పు. లేదా జీపు ఆపు, నేను దిగుతా.”

అతను ఆపలేదు.

డేరా అంచుకి వచ్చి రెండు బళ్ళూ ఆగాయి. రెండు వందల మంది మగవాళ్ళు ఒక్కసారి లేచారు. మధ్యలో మైకు పట్టుకుని షేక్ హాయిల్, ఆయనకి ఎదురుగా మిత్‌ఖాల్ పెద్ద తమ్ముడు శాహిర్. పికప్ తలుపు తెరుచుకుంది. ఉమ్ ఫవ్వాజ్ మడమ నొప్పితో కుంటుతూ దిగింది. అన్నని చంపినవాడి తల్లి తన వాకిట్లోకి వచ్చింది! శాహిర్ చేయి కోటు లోపలికి పోయింది.

షేక్ మాత్రం ముసలామెని చూడలేదు. శాహిర్‌నీ చూడలేదు. జీపులోంచి దిగుతున్న మనిషిని చూశాడు.

“ఏంటిది కల్నల్? హద్దు దాటించి వీళ్ళనెందుకు తెచ్చావ్?”

బర్జస్ టోపీ సర్దుకున్నాడు. నౌఫ్‌కి అతని మెడ మీద చెమట కనిపించింది. ఒక్క క్షణం అతను ఏదో ఒకటి చెప్పి తప్పుకుంటాడనే అనుకుంది.

“అప్పుడు హద్దు దాటించి తీసుకెళ్ళిందీ నేనే హాజీ. నువ్వు ఫోన్ చేస్తేనే వచ్చా. మగ్రిబ్ అజాన్ రోడ్డు మీద విన్నా. ఈమె కొడుకు ఇచ్చిన నీళ్ళతో ఉపవాసం విడిచా.” శాహిర్ వైపు తిరిగాడు. “మీ అన్న శవం మీకు దొరికింది తరావీ తర్వాత. నువ్వే టార్చి పట్టుకున్నావ్ గదా? మరి నీకంటే ముందు, పొద్దు గుంకక ముందే, మీ అన్న చచ్చిపోయాడని హాజీకి ఎట్లా తెలిసింది?”

మైకులోంచి కీచుమన్న చప్పుడు ఒకటి వచ్చి ఆగిపోయింది. షేక్ నోరు తెరిచాడు. ఆ మెత్తటి గొంతు పలకలేదు. నలభై ఏళ్ళుగా ఆ ఊరు ఆయన మాట కోసం ఎదురుచూసింది, ఇప్పుడూ ఎదురుచూసింది, మాట రాలేదు. అంతకంటే పెద్ద జవాబు శాహిర్‌కి అక్కర్లేకపోయింది.

అతని తల ముసలామె మీద నుంచి మెల్లగా షేక్ వైపు తిరిగింది. కోటులోంచి చేయి బయటికొచ్చింది. అందులో పిస్తోలు ఉంది.

నౌఫ్‌కి ఒక్కటే తట్టింది. ఈ ముసలివాడు ఇక్కడ, ఇప్పుడు, నోరు విప్పకుండా చచ్చిపోతే నిజం కూడా అతనితోనే పోతుంది. చంపిందెవరో చెప్పే నోరు ఇంకోటి లేదు. ఫవ్వాజ్ ఊచల వెనకే ఉండిపోతాడు.

ఆమె పరిగెత్తింది. ఉమ్ ఫవ్వాజ్ వైపు కాదు. షేక్ హాయిల్‌కి అడ్డంగా వెళ్ళి, రెండు చేతులూ చాచి, పిస్తోలుకి ఎదురుగా నిలబడింది.